వెనక దూలం

సువార్తమ్మ పిన్ని కాలు పడవలో మోకాలి దాకా దిగబడిన రోజున రేవులో అందరూ నవ్వారట. ఆమె కూడా నవ్విందట. అది ఏప్రిల్ నెల, లంకలో కంద తవ్వకాలు ముగించుకుని ఆడకూలీల ముఠా తిరిగొస్తోంది, ఏట్లో నీళ్ళు నడుము లోతు కూడా లేవు. మునిగినా నడిచి ఒడ్డు చేరొచ్చు కాబట్టి అందరికీ నవ్వొచ్చింది. మా నాన్న మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే తెనాలిలో ఉన్న నాకు ఫోను చేశాడు.

"అమ్మాయ్, నువ్వు చేసేది ఫైబరు పనేగా?"

"విగ్రహాలు నాన్నా. పడవలు కాదు."

"సరుకు అదేగా. ఒకసారొచ్చి చూసిపో."

మా నాన్న రాజారత్నం పాతికేళ్ళుగా రేపల్లెకు ఎగువన మా ఊరి రేవులో పడవ నడుపుతున్నాడు. ఏటికి అవతల లంకలో పసుపు, కంద, అరటి పండుతాయి. పొలాలు ఇవతలి ఊళ్ళ రైతులవి, పనికి వెళ్ళేది మా పేట ఆడవాళ్ళు. వాళ్ళ ముఠాకు మా అమ్మ కొండమ్మ మేస్త్రి. అమ్మ 'ఎక్కండి' అంటే ఎక్కుతారు, 'ఇవాళ వద్దు' అంటే ఇంట్లో ఉంటారు. ఆమె మాట మీద ముప్పై మంది రోజూ ఏరు దాటతారు. ఆ దాటించే పడవ మాత్రం నిజాంపట్నంలో వేటకు తిరిగి తిరిగి విసిగిపోయిన ఫైబరు పడవ. నాన్న కొనేనాటికే దానికి పదిహేనేళ్ళు.

ఇక నేను. పేరు నీరజ. ఆరేళ్ళుగా శివరామయ్య మాస్టారి విగ్రహాల షెడ్డులో పని. మట్టి బొమ్మ మీద అచ్చు తీస్తారు, ఆ అచ్చులో గాజునారతో అల్లిన మ్యాట్ పరిచి, రెజిన్ పూసి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. నా చేతుల మీదుగా వెళ్ళి కూడళ్ళలో చెయ్యెత్తి నిలబడ్డ నాయకులు ఎంతమందో నాకే గుర్తు లేదు. బయట నిగనిగ, లోపల డొల్ల. ఆ మాట నాయకుల గురించి కాదు, పని గురించే అంటున్నాను. పడవ కూడా అదే సరుకు కదా అనుకుని, మాస్టారి దగ్గర రెండు నెలలు సెలవు అడిగి, మే మొదటి వారంలో ఇంటికి వచ్చాను. నాకన్నా పనితనం తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరని అప్పుడు గట్టిగా నమ్మేదాన్ని.

నాన్న పడవను ట్రాక్టరుతో ఒడ్డు మీదికి లాగించి నీలం టార్పాలిన్ కింద పెట్టించాడు. నేను సుత్తి తిరగేసి పిడితో డెక్కంతా తట్టుకుంటూ పోయాను. డెక్కు అంటే పడవలో మనుషులు నిలబడే పైతట్టు. పైన ఒక పొర ఫైబరు, కింద ఒక పొర ఫైబరు, మధ్యలో ప్లైవుడ్. బాగున్న చోట ఠంగుమంటుంది, చెడిన చోట డబడబమంటుంది. డబడబమన్న చోటల్లా సుద్దముక్కతో గీత గీశాను. నాన్న చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని, ముందు నుంచి వెనక్కి నడిచాడు.

"ఇక్కడ. ఇక్కడ. ఇదిగో ఇక్కడ కూడా మెత్తన. ఇది నువ్వు గియ్యలేదే."

మళ్ళీ తట్టి చూశాను. ఆయన చెప్పిందే నిజం.

"సుత్తి ఎందుకమ్మా, మడమ ఉండగా" అన్నాడు నాన్న. వారం రోజులు ఆ మాటతో నన్ను ఏడిపించాడు.

గ్రైండరుతో పై పొర కోసి ఎత్తితే లోపల ప్లైవుడ్ నల్లగా, నానిన పిండిలా చేతికి వచ్చేసింది. ఎప్పుడో మోకులు కట్టడానికి కొట్టించిన బోల్టుల సందుల్లోంచి నీళ్ళు దిగి, పోయే దారి లేక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాయి. డెక్కు కింద పడవ పొడవునా రెండు దూలాలు ఉంటాయి, ఫైబరు తొడుగు వేసిన టేకువి. పడవకు వెన్నెముక అవే. వెనక భాగంలో ఇంజను కూర్చునేది కూడా వాటి మీదే. కుడి దూలం రాయిలా ఉంది. ఎడమ దూలం ముందు సగం కుళ్ళిపోయింది.

"ఈ సగం తీసేసి కొత్తది అతికిద్దాం" అన్నాను.

"వెనక సగం?"

"ఇంజను ఎత్తితే కానీ తెలియదు. అది చివర్లో చూద్దాం."

మే నెలంతా ఆ పనే. కుళ్ళింది గోకి పారేసి, మిగిలింది ఎండబెట్టాం. చెక్క ఎండిందో లేదో చూడటానికి నాన్నకు ఒక పద్ధతి ఉంది. సాయంత్రం చెక్క మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు అంచులా టేపు అంటిస్తాడు. పొద్దున్నే చూస్తే లోపల తడి ఉంటే కవరు అడుగున నీటి చుక్కలు పడతాయి. చుక్కలు పడ్డన్నాళ్ళూ ఫైబరు వెయ్యనిచ్చేవాడు కాదు. తడి చెక్క మీద రెజిన్ పట్టదు, పట్టినట్టు కనబడుతుంది, అంతే. ఆ సంగతి నాకూ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఎండకు రెజిన్ బకెట్లోనే గడ్డకట్టేది, అందుకని తెల్లారకముందే కలిపేవాళ్ళం. నేను మ్యాట్ పరిచి బ్రష్షుతో పూస్తుంటే నాన్న వెనకాలే రోలరుతో గాలిబుడగలు అణిచేవాడు. గాజు పొడి ఒంటికి పట్టి రాత్రిళ్ళు దురద. అమ్మ కొబ్బరినూనె గిన్నె పెట్టుకుని కూచుని మా ఇద్దరి చేతులకూ రాస్తూ తిట్టేది. "ఉన్న ఒక్క కూతురికీ పెళ్ళి చెయ్యకుండా పడవ బాగు చేయిస్తన్నాడు మానవుడు" అనేది. కానీ సాయంత్రం ముఠా వాళ్ళు చూడటానికి వస్తే మాత్రం టార్పాలిన్ ఎత్తి చూపించి, "మా నీరజే చేసింది. తెనాల్లో పెద్ద పెద్దోళ్ళ విగ్రహాలు చేసే చెయ్యి" అనేది. అది వినపడనట్టు నటిస్తూ నేను ఇంకాస్త పొగరుగా రోలరు తిప్పేదాన్ని.

జూన్ చివరి వారంలో మోహనకృష్ణ గారు వచ్చారు. లంకలో సగం పసుపు ఆయనదే. పెద్దమనిషి, గొంతు పెంచరు.

"రాజారత్నం, ఎగువన గేట్లు ఎత్తుతారని చెప్పుకుంటున్నారు. ఏరొచ్చేలోపు పడవ తేలుద్దా, లేదా? లేకపోతే పై రేవు నుంచి ఇనప లాంచీ మాట్లాడుకుంటా. నువ్వు ఇంకోలా అనుకోవద్దు."

"చూడాలండి. వెనకమాల ఇంకా ఇప్పి చూడలేదు. ఇంజను దింపాలి. ఇంకో ఇరవై రోజులన్నా..."

"జులై పదికి పడవ నీళ్ళలోకి దింపేస్తామండి" అన్నాను నేను.

నాన్న నా వైపు చూశాడు. మోహనకృష్ణ గారు నవ్వి, "మీ నాన్న కంటే నువ్వే నయమమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ మెప్పుకు పొంగిపోయాను. ఇనప లాంచీ ఒకసారి రేవులోకి వస్తే తిరిగి పోదని, నాన్న ఇంట్లో కూర్చోవలసి వస్తుందని భయం కూడా ఉంది. రెండూ నిజమే. ఏది ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

జులై నాలుగున నాన్న ఇంజను హెడ్డు విప్పి రేపల్లెలో మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాడు. రెండు రోజులు అక్కడే ఉండాలి. నేను ఒక్కదాన్నే వెనక్కి వెళ్ళి ఇంజను పక్కన ఎడమ దూలానికి డ్రిల్లుతో చిన్న బెజ్జం వేశాను. మొదట పొడి రంపంపొట్టు వచ్చింది. తర్వాత టీ రంగు నీళ్ళు వచ్చాయి.

ఆ దూలం మార్చాలంటే ఇంజను మొత్తం ఎత్తాలి, వెనక డెక్కంతా కొయ్యాలి, ఎండబెట్టాలి. అప్పటికే రోజూ మబ్బు పడుతోంది. మూడు వారాలకు తక్కువ పట్టదు. నేను చెప్పిన గడువు ఇంకో ఆరు రోజులు.

మా షెడ్డులో విగ్రహం కాలి దగ్గర బీటిస్తే చేసే పని ఒకటుంది. నాలుగు బెజ్జాలు వేసి, వాటిలోంచి రెజిన్ పోసి, పైన పుట్టీ పెట్టి, రుద్ది, రంగు వేసేస్తాం. మూడు గంటల పని. ఆ తర్వాత బీట ఎక్కడుందో చేసినవాడికి కూడా కనబడదు. విగ్రహం ఎండకీ వానకీ నిలబడి ఉంటే చాలు, దాని మీద ఎవరూ ఎక్కి కూర్చోరు, దాన్ని నీళ్ళలో తోలరు. ఆరేళ్ళుగా నా చేతులకు అలవాటైన పని అది. ఆ మధ్యాహ్నం పడవకు అదే చేశాను. పైన రెండు పొరల మ్యాట్ కూడా వేశాను, నా మనసుకు సర్దిచెప్పుకోవడానికి. సాయంత్రం కవరు మాత్రం అంటించలేదు. అంటిస్తే పొద్దున చుక్కలు కనబడతాయి.

నాన్న వచ్చి, "వెనక చూశావా?" అని అడిగాడు.

"చూశాను. గట్టిగానే ఉంది."

"ఇంజను దింపక్కర్లేదా?"

"అక్కర్లేదు నాన్నా."

చెప్పిన తారీకుకే పడవను దింపాం. ఆకాశం రంగు పడవ, మధ్యలో తెల్ల గీత. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. పేటంతా రేవులోనే ఉంది. సువార్తమ్మ పిన్ని డెక్కు మీద చెయ్యి పెట్టి, "నా కాలు పోయిన చోటేదో చెప్పుకో చూద్దాం" అని అందరితో పందెం వేసింది. ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ నవ్వుతూ నిలబడ్డాను.

నాన్న చెప్పులు విప్పి నడిచాడు. ముందు, మధ్య, వెనక. ఇంజనుకు ఎడమ పక్కన ఆయన మడమ ఆగింది. మళ్ళీ ఆనించాడు. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. తలెత్తలేదు.

"బాగుంది" అన్నాడు. తర్వాత ఒడ్డు మీద ఉన్నవాళ్ళతో, "ఆడోళ్ళంతా ముందుకొచ్చి కూచోండి. వెనకమాల ఇంజను పొగ" అన్నాడు.

అమ్మ అందరినీ ఎక్కించి, తను చివర ఎక్కి, ముందు వరసలో కూచుంది.

జులై రెండో వారానికి ఏరు ఎర్రగా నిండింది. పడవ రోజూ పొద్దున ఆరుకు ముఠాను దాటించేది, సాయంత్రం నాలుగుకు తెచ్చేది. ముప్పై మంది, అమ్మతో ముప్పై ఒక్కరు. నేను తెనాలి వెళ్ళిపోవచ్చు, సెలవు కూడా అయిపోయింది. ఏదో ఒక వంక చెప్పి ఉండిపోయాను. పొద్దున పడవ అవతలి ఒడ్డు చేరేదాకా రేవులోనే ఉండేదాన్ని. సాయంత్రం మూడు నుంచే వచ్చి కూర్చునేదాన్ని. "తన పడవకు తనే దిష్టి పెట్టేట్టుంది" అని ముఠా వాళ్ళు ఆటపట్టించేవారు.

నాన్న మారిపోయాడు. వెనక ఎడమ పక్కకు ఎవరినీ రానిచ్చేవాడు కాదు, తనే అక్కడ నిలబడి నడిపేవాడు. ఎదురు గాలి ఉన్నా ఇంజను జోరు పెంచేవాడు కాదు. "ముసలోడివైపోయావయ్యా, నత్తలా నడుపుతున్నావు" అని అమ్మ పడవలో అందరి ముందూ అంటే ఊరుకునేవాడు. ఇంట్లో అన్నం సగం తిని లేచేవాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదని అమ్మ అనుకుంది. నేను అలా అనుకోలేకపోయాను, కానీ అడగలేకపోయాను కూడా. అడిగితే ఆయన తిరిగి నన్ను అడుగుతాడు.

పదకొండో రోజు సాయంత్రం అందరూ దిగి వెళ్ళిపోయాక టీ ఫ్లాస్కు తీసుకుని రేవులోకి వెళ్ళాను. నాన్న ఇంజను పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతిలో స్పానరు. దూలంలోకి దిగే ఇంజను బోల్టును తిప్పుతున్నాడు. బోల్టు ఊరికే తిరుగుతోంది, పట్టడం లేదు. దాన్ని పైకి లాగి, బెజ్జంలో వెదురు పుల్ల ఒకటి పెట్టి, మళ్ళీ బిగించాడు. పక్కన చెక్కి పెట్టుకున్న పుల్లలు ఇంకో నాలుగు ఉన్నాయి. అవి చూస్తే రోజూ చేస్తున్న పనేనని తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

ఆయన ఉలిక్కిపడలేదు. స్పానరు కింద పెట్టి ఫ్లాస్కు అందుకున్నాడు.

"దింపిన రోజు నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావని చూశా."

టీ పోసుకుని తాగాడు. నాకు కూడా మూతలో పోసి ఇచ్చాడు. ఏటి మీద కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా పోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఓదారుస్తాడు, ఓదార్పుతో అది అయిపోతుంది అనిపించి బిగపట్టుకున్నాను.

"రేపు పొద్దున చెప్తాను. అందరికీ" అన్నాను.

"నీ ఇష్టం" అన్నాడు. మిగిలిన పుల్లలు ఏరి జేబులో వేసుకుంటూ, "చెప్పు" అన్నాడు.

పొద్దున్నే ముఠా క్యారేజీలు పట్టుకుని వచ్చింది. సువార్తమ్మ పిన్ని ఒక కాలు పడవలో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇవాళ పడవ పోదు పిన్నీ."

"ఎందుకు పోదు?" అంది వెనక నుంచి అమ్మ. "ఇంజను మొరాయించిందా?"

"ఇంజను కాదమ్మా. దాని కింద దూలం కుళ్ళిపోయింది. నేను మార్చలేదు. పైన పూత పూసి బాగుందని చెప్పాను."

ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడ్డారు. అమ్మ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. నాన్నను చూస్తోంది.

"నీకు తెలుసా?"

నాన్న తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచి."

"పొగ అన్నావు" అంది అమ్మ. "పొగని చెప్పి ముందుకు కూచోబెట్టావు."

"బరువు వెనక పడకుండా..."

"అర్థమైంది. ఇంతమందిలో నాకు ఈత వచ్చా? సువార్తమ్మకి వచ్చా? అదుగో ఆ బాలింతకి వచ్చా? ఇంట్లో పిల్లని వదిలేసి వస్తంది అది, నా మాట మీద. నేను ఎక్కండి అంటే ఎక్కారు. నా కూతురు చేసింది, నా మొగుడు నడుపుతాడు, ఎక్కండి అన్నా." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మీ ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒకళ్ళనొకళ్ళు కాపాడుకున్నారు. బాగుంది."

అమ్మ చీర కొంగు బిగించి ముఠా వైపు తిరిగింది. "పదండి, పై రేవుకి నడుద్దాం. లాంచీలో పోదాం." పై రేవు మూడు కిలోమీటర్లు. అమ్మ వెనక వరసగా కట్ట మీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. మేమిద్దరం పడవ పక్కన నిలబడి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాం.

ఆ రోజే ఇంజను ఎత్తించి వెనక డెక్కు కోశాం. నేను పోసిన రెజిన్ గడ్డ తాటిబెల్లం ముక్కలా మెరుస్తూ చేతిలోకి ఊడి వచ్చింది. దాని చుట్టూ అంతా నల్లటి ముద్దే, వేలితో తీస్తే వచ్చేస్తోంది. అంత దూలంలోనూ ఇంజనును పట్టి ఉంచినవి నాన్న వెదురు పుల్లలు. ఆయన వాటిని ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టాడు.

"నువ్వు ఒక్క మధ్యాహ్నం చేశావు. నేను పదకొండు రోజులు చేశాను" అన్నాడు. నన్ను తేలిక పరచడానికి అన్న మాట కాదది. ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది.

మా ఇంట్లో ఏ నెలా ఆ ఆగస్టంత నిశ్శబ్దంగా గడవలేదు. అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు వండిపెట్టి పై రేవుకు బయలుదేరేది. చీకటి పడ్డాక వచ్చేది. మాకు వడ్డించేది, మా చేతులకు నూనె గిన్నె పక్కన పెట్టేది, రాయడం మాత్రం మానేసింది. మాట్లాడేది కాదు. మోహనకృష్ణ గారు లాంచీ వాళ్ళతో సీజనంతటికీ మాట్లాడేసుకున్నారు. శివరామయ్య మాస్టారు రెండుసార్లు ఫోను చేసి, మూడోసారి, "నీ చోట వేరే అమ్మాయిని పెట్టుకున్నానమ్మా, అర్జెంటు ఆర్డరు" అన్నారు. "సరేనండి" అన్నాను. ఆయన మీద కోపం రాలేదు. ఆ షెడ్డులో నేర్చుకున్న పనిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చూసుకోవలసింది నేనే.

వానల్లో చెక్కను ఎండబెట్టడం అంటే నరకమే. టార్పాలిన్ కింద రెండు పెద్ద బల్బులు, ఒక టేబులు ఫ్యాను పగలూ రాత్రీ పెట్టాం. ప్రతి సాయంత్రం కవరు అంటించాం. మొదటి వారమంతా చుక్కలే. పదో రోజుకు ఆవిరి పట్టినట్టుగా ఉంది. పదమూడో రోజు పొద్దున కవరు పొడిగా ఉంది. నాన్న, "ఇంకో రెండు రోజులు చూద్దాం" అన్నాడు. చూశాం. తర్వాత కొత్త టేకు దుంగ కూర్చి, ఒకదాని మీద ఒకటి ఆరు పొరలు వేశాం. ఈసారి రంగు వెయ్యలేదు. లోపల ఏముందో చూడాలనుకున్నవాళ్ళు చూడనీ అని వెనక డెక్కులో అరచేయంత మూత ఒకటి పెట్టాను, తీస్తే దూలం కనబడేలా.

సెప్టెంబరు మొదట్లో వరద తగ్గింది. "పడవ అయిపోయిందమ్మా" అని అమ్మతో చెప్పాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా మాట్లాడింది. ఆరు వారాల తర్వాత ఆమె మాతో అన్న మొదటి పెద్ద మాట అదే.

"పదకొండు రోజులు నా మనుషుల్ని దాటించారు కదా. ఇప్పుడు పదకొండు రోజులు ఇసక బస్తాల్ని దాటించండి. ముప్పై ఒక్క బస్తా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీ ఇద్దరే ఎక్కండి. ఆ తర్వాత చూద్దాం."

ఆమె దగ్గరుండి బస్తాలు నింపించింది. ఒక్కోదాన్నీ తనే ఎత్తి చూసి, తేలికగా ఉన్నవాటిలో ఇంకో రెండు పారలు పోయించింది. మేం వాటిని వెనక్కీ ముందుకీ సమంగా సర్దాం. వెనక ఎడమ పక్క నాలుగు పెట్టించింది. రోజూ పొద్దున ఆరుకు, సాయంత్రం నాలుగుకు ఆ బస్తాలతో ఏరు దాటి వచ్చాం. లంక కట్ట మీద పశువుల కాపర్లు నవ్వేవాళ్ళు. "రాజారత్నం మావా, నీ ప్యాసింజర్లు టిక్కెట్టు తీసుకున్నారా?" అని అరిచేవాళ్ళు. నాన్న చెయ్యి ఊపేవాడు. నాకు మొదటి రెండు రోజులు తల కొట్టేసినట్టుండేది. తర్వాత నడిఏట్లో ఆ బస్తాల వైపు చూస్తే నవ్వొచ్చేది కాదు. ఇది సువార్తమ్మ పిన్ని, ఇది ఆ బాలింత అని అనుకోకుండా ఉండలేకపోయేదాన్ని. ఎదురు గాలి వచ్చినప్పుడు లేచి వెళ్ళి ఇంజను బోల్టు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. బోల్టు ఒక్కసారి కూడా వదులు కాలేదు. ప్రతి సాయంత్రం మూత తీసి దూలం చూసి పెట్టేవాళ్ళం.

పన్నెండో రోజు పొద్దున ముఠా మా రేవుకు వచ్చింది. అందరూ రాలేదు. ఇరవై రెండు మంది వచ్చారు. బాలింత రాలేదు. సువార్తమ్మ పిన్ని కట్ట మీద దాకా వచ్చి, చాలాసేపు నిలబడి, "నేను నడిచే పోతాలే అమ్మా" అని నా బుగ్గ తడిమి పై రేవుకు వెళ్ళిపోయింది. ఆమె ఇప్పటికీ ఆ పడవ ఎక్కదు. నేను ఎక్కమని అడగలేదు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి ముందు కూచున్నారు. అమ్మ చివర ఎక్కింది. ముందుకు వెళ్ళలేదు. నాన్నను దాటుకుని వచ్చి, ఇంజనుకు ఎడమ పక్కన, సరిగ్గా ఆ దూలం మీద కూచుంది.

నాన్న ఇంజను హ్యాండిలు పట్టుకుని ఉన్నాడు. తిప్పడం లేదు.

"ముందుకెళ్ళి కూచో కొండమ్మా" అన్నాడు.

"ఎందుకు? ఇక్కడ గట్టిగా లేదా?"

"గట్టిగానే ఉంది."

"మరి తిప్పు. పనికి టైమవుతంది."

ఆయన రెండుసార్లు తిప్పితే గానీ ఇంజను అందుకోలేదు. పడవ ఒడ్డు వదిలింది. నేను ఆమెకు ఎదురుగా కూచున్నాను. ఏదైనా అంటుందేమోనని చూశాను. అమ్మ కుడి అరచేతిని డెక్కు మీద బోర్లా పెట్టి, వేళ్ళు విడదీసి, అదిమి పట్టుకుంది. ఏరు దాటినంతసేపూ ఆమె మా ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడలేదు. అవతలి రేవులో పడవ నేలకు తగిలేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.